ఆల్ వీల్ డ్రైవ్ స్టేషన్ వ్యాగన్: కచ్చా దారుల్లో కుటుంబ వాహనం

సెడాన్ కారు పైకప్పును వెనక చివరిదాకా సాగదీసి, డిక్కీని ప్రయాణికుల గదితో కలిపేసి, వెనక నిలువు తలుపు అమర్చిన కారును స్టేషన్ వ్యాగన్ అంటారు. బ్రిటన్‌లోను భారతదేశంలోను దీనికి ఎస్టేట్ అన్న పేరే ఎక్కువ వాడుక. ఇలాంటి కారుకు ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు కాక నాలుగింటికీ అందించే ఏర్పాటు చేసి, నేల నుంచి ఎత్తు కొంత పెంచితే, తారు ముగిసిన చోట మొదలయ్యే కంకర, మట్టి, మంచు దారుల్లో పిల్లలతో, సామానుతో వెళ్ళి తిరిగి రాగల వాహనం తయారవుతుంది. కొండ కింద కాలిబాట మొదలయ్యే చోటికో, అడవి అంచున గుడారం వేసుకొనే మైదానానికో, సరస్సు గట్టుకో చేరడం దీని పని. బండరాళ్ళ మీద పాకడం, మోకాటిలోతు బురదను దున్నుకుపోవడం దీని పని కాదు. ఈ రెంటికీ మధ్య హద్దు నాలుగు చక్రాలకూ శక్తి అందుతున్నదా లేదా అన్న ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుందని ప్రకటనలు చూసినవారికి అనిపిస్తుంది గాని, వాస్తవంలో బండి అడుగుకూ నేలకూ మధ్య ఎడం, టైరు, అత్యల్ప గేరు నిష్పత్తి, నేల తడి అనే నాలుగూ కలిసి ఆ హద్దును నిర్ణయిస్తాయి.

పుట్టుక

నాలుగు చక్రాల చాలనం చాలాకాలం సైనిక జీపులకు, పొలాల్లో తిరిగే వాహనాలకు పరిమితమైన విద్య. రహదారి కారులో దాన్ని అమర్చి అమ్మకానికి పెట్టిన తొలి ఘనత 1966లో ఇంగ్లండులో వెలువడిన జెన్సెన్ ఎఫ్ఎఫ్‌ది. ట్రాక్టర్లతో పేరు పొందిన హ్యారీ ఫెర్గూసన్ స్థాపించిన పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి అందులో ఉంది. 1971 దాకా తయారైనవి 320 మాత్రమే, అవీ సంపన్నుల వేగపు కార్లు కావడంతో కుటుంబ వాహన చరిత్రలో దాని స్థానం మార్గదర్శకం వరకే.

కుటుంబ వ్యాగన్ కథ జపాన్ మంచుకొండల్లో, విహారంతో సంబంధం లేని అవసరం నుంచి మొదలైంది. హోన్షూ ద్వీపపు ఈశాన్య భాగమైన తోహోకులో శీతాకాలమంతా విద్యుత్ తీగలను కనిపెట్టుకొని ఉండవలసిన సిబ్బంది జీపుల్లో తిరిగేవారు. జీపు మంచులో నడిచేది గాని అందులో చలికి రక్షణ తక్కువ, కుదుపు ఎక్కువ. అంతకంటె సుఖంగా ఉండి, ఏడాది పొడవునా పనికివచ్చే వాహనం కావాలని తోహోకు విద్యుత్ సంస్థ కోరగా, మియాగి ప్రాంతపు సుబారు విక్రయశాల ముందు చక్రాలతో నడిచే చిన్న వ్యాన్‌కు వెనక చక్రాల చాలనం కూడా జోడించి నమూనా తయారు చేసింది. వెనక డిఫరెన్షియల్ కోసం పోటీ కంపెనీ అయిన నిస్సాన్ కారు భాగాలను వాడుకుంది. సుబారు కార్ల మాతృసంస్థ ఫుజి హెవీ ఇండస్ట్రీస్ (2017 ఏప్రిల్ నుంచి దీని పేరే సుబారు కార్పొరేషన్) ఈ తరహా వాహనాన్ని 1971 టోక్యో మోటార్ ప్రదర్శనలో చూపి, 1972లో లియోన్ ఎస్టేట్ వ్యాన్‌గా విపణిలోకి తెచ్చింది. ఈ మార్పు సులువుగా సాధ్యపడటానికి యంత్ర నిర్మాణమే కారణం: సుబారు ఇంజిన్లో సిలిండర్లు ఎదురెదురుగా పడుకొని ఉంటాయి, దాని వెనక గేరుపెట్టె కారు పొడవునా వెనక వైపుకు చూస్తుంది, కాబట్టి గేరుపెట్టె చివర నుంచి ఒక షాఫ్టును వెనక యాక్సిల్ దాకా తీసుకుపోతే చాలు. ఇంజిన్‌ను అడ్డంగా అమర్చిన కార్లలో ఇదే పనికి శక్తిని మూల తిప్పి పంపే అదనపు గేర్లు కావాలి.

అమెరికాలో ఈ వ్యాగన్ 1970ల నడుమ అడుగుపెట్టి, మంచు ఎక్కువగా పడే న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల్లో, రాకీ పర్వత ప్రాంతాల్లో నిలదొక్కుకుంది. 1980 నమూనా సంవత్సరానికి అమెరికన్ మోటార్స్ సంస్థ తన సాధారణ కారును సుమారు 3 అంగుళాలు పైకెత్తి, ఎల్లప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటుతో ఈగల్ శ్రేణిని విడుదల చేసింది. ఆ శ్రేణిలోని వ్యాగన్‌ను నేటి ఎత్తయిన కార్లన్నిటికీ పూర్వరూపంగా వాహన చరిత్రకారులు లెక్కిస్తారు. ఆ కంపెనీ మాత్రం 1987లో క్రైస్లర్ చేతిలోకి పోయి, ఈగల్ కొద్ది నెలల్లోనే ఆగిపోయింది. ముందుగా వచ్చినవాడికే ఫలం దక్కాలన్న నియమం వాహన వ్యాపారంలో లేదు.

ఆ ఫలం అందుకున్నది సుబారు లెగసీ అవుట్‌బ్యాక్. 1995 నమూనా సంవత్సరంలో వచ్చిన తొలి అవుట్‌బ్యాక్ నిజానికి రెండు రంగుల పూత, పైకప్పు కడ్డీలు ఉన్న మామూలు లెగసీ వ్యాగనే. పేరు ముందు వచ్చింది, ఎత్తు ఆ మరుసటి సంవత్సరం వచ్చింది. 1996 నమూనాలో నేల నుంచి ఎత్తు 7.3 అంగుళాలకు పెరగడం, ‘క్రొకడైల్ డండీ’ చిత్ర కథానాయకుడైన ఆస్ట్రేలియా నటుడు పాల్ హోగన్ ప్రకటనల్లో కనిపించడం కలిసి, విద్యుత్ సిబ్బంది పనిముట్టుగా పుట్టిన వాహనాన్ని సాహసయాత్రల చిహ్నంగా మార్చాయి. పోటీగా వోల్వో 1997లో వి70 క్రాస్ కంట్రీని, ఆ దశాబ్దం చివర ఆడీ ఆల్‌రోడ్‌ను తెచ్చాయి. గాలి సస్పెన్షన్ ఉన్న ఆల్‌రోడ్ నేల నుంచి ఎత్తును 142 మిల్లీమీటర్ల నుంచి 208 మిల్లీమీటర్ల దాకా నాలుగు మెట్లలో మార్చుకోగలిగేది. ఎత్తు పెంచడం వెనక ఎప్పుడూ కొండదారులే ఉండవు: 2005 నమూనా అవుట్‌బ్యాక్‌ను ఇంకాస్త లేపినప్పుడు అమెరికా ఇంధన నిబంధనల లెక్కలో అది కారు వర్గం నుంచి తేలికపాటి ట్రక్కు వర్గంలోకి మారింది, ఆ వర్గానికి మైలేజీ నిబంధన సడలింపుగా ఉండేది.

శక్తి నాలుగు చక్రాలకు చేరే విధం

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటె ఎక్కువ దూరం పోవాలి గనుక, రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగే వీలు కల్పించే గేర్ల సముదాయాన్ని డిఫరెన్షియల్ అంటారు. దాని గుణమే దాని లోపం కూడా: సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది కాబట్టి, ఒక చక్రం గాలిలో లేచిపోయి ఏ ప్రతిఘటనా లేకుండా తిరిగిపోతుంటే, రెండో చక్రానికి అందే బలం కూడా దాదాపు శూన్యమవుతుంది. ముందు, వెనక యాక్సిళ్ళ మధ్య కూడా ఇదే సమస్య తలెత్తుతుంది. జీపు వంటి వాహనాల్లో ట్రాన్స్‌ఫర్ కేసు అనే అదనపు గేరుపెట్టె రెండు యాక్సిళ్ళను గట్టిగా ఒకదానితో ఒకటి బిగించేస్తుంది; అది మట్టిలో మంచిది, పొడి తారు రోడ్డు మీద బిగుసుకుపోయి యంత్రభాగాలను అరగదీస్తుంది. దీన్ని పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు. తొలి లియోన్ కూడా ఈ కోవదే, నడిపేవాడు మీట లాగి వెనక చక్రాలను కలుపుకోవాలి.

ఆల్ వీల్ డ్రైవ్ అన్న మాట ఇందుకు భిన్నంగా, ఏ రోడ్డు మీదనైనా ఎల్లప్పుడూ పనిచేస్తూ, నడిపేవాడి ప్రమేయం లేకుండా బలాన్ని సర్దుబాటు చేసుకొనే ఏర్పాటుకు వాడుకలోకి వచ్చింది. దీనికి మధ్యలో మూడో డిఫరెన్షియల్ ఉండవచ్చు, దానికి తోడు వేగపు తేడా పెరిగేకొద్దీ చిక్కబడి బిగిసే ద్రవం నింపిన విస్కస్ కప్లింగ్ ఉండవచ్చు. సుబారు మాన్యువల్ గేరు కార్లలో చాలాకాలం ఇదే వాడారు. ఆటోమేటిక్ కార్లలో పళ్ళేల వరుసను నూనె ఒత్తిడితో దగ్గరికి నొక్కి, కంప్యూటర్ ఆదేశం మేరకు వెనక యాక్సిల్‌కు బలం పంపే బహుపళ్ళేల క్లచ్ ఉంటుంది. అడ్డంగా ఇంజిన్ అమర్చిన వోల్వో, ఫోక్స్‌వాగన్ వ్యాగన్లలో స్వీడన్ సంస్థ హాల్డెక్స్ పేరుతో ప్రసిద్ధమైన క్లచ్ ఇలాంటిదే. మామూలు వేళల్లో ముందు చక్రాలే కారును లాగుతాయి, జారుడు పసిగట్టిన క్షణాల్లో వెనక చక్రాలు కలుస్తాయి.

యాక్సిళ్ళ మధ్య పంపిణీ ఎంత తెలివిగా ఉన్నా, ఒకే యాక్సిల్ మీది ఎడమ కుడి చక్రాల మధ్య సాధారణ డిఫరెన్షియలే ఉంటుంది కాబట్టి, అసలు పరీక్ష అక్కడ ఎదురవుతుంది. ఎగుడుదిగుడు దారిలో ముందు ఎడమ చక్రమూ వెనక కుడి చక్రమూ ఒకేసారి గుంతల మీద గాలిలో తేలితే, ఆ రెండూ ఊరికే తిరుగుతాయి, నేల మీద ఉన్న రెండూ కదలవు. వ్యాగన్ సస్పెన్షన్ కదలిక పరిమితమైనది కావడంతో ఈ స్థితి జీపుల కంటె త్వరగా వస్తుంది. ఆధునిక వాహనాలు దీనికి విరుగుడుగా బ్రేకులను వాడతాయి: ఊరికే తిరిగే చక్రాన్ని కంప్యూటర్ తనంతట తాను బ్రేకు వేసి పట్టుకుంటే, డిఫరెన్షియల్‌కు ప్రతిఘటన దొరికి అవతలి చక్రానికి బలం చేరుతుంది. సుబారులో ఎక్స్-మోడ్ అనే మీట ఈ బ్రేకు జోక్యాన్ని ముందుగా, గట్టిగా జరిగేలా చేస్తుంది, యాక్సిలరేటర్ స్పందనను మందగింపజేస్తుంది, దిగుడులో నిదానంగా దించుతుంది. ఇక్కడ నడిపేవారు చేసే సాధారణమైన పొరపాటు ఒకటుంది: చక్రం తిరుగుతున్న చప్పుడు విని యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేస్తారు. నిలకడగా తొక్కి ఉంచి ఒకటి రెండు క్షణాలు ఓపిక పడితేనే బ్రేకుల పద్ధతి తన పని చేయగలదు.

ఈ ఏర్పాట్లలో ఏదీ తీర్చలేని లోటు లో-రేంజ్ లేకపోవడం. ట్రాన్స్‌ఫర్ కేసులోని రెండో నిష్పత్తిని కలిపితే చక్రాల వేగం సగానికో నాలుగో వంతుకో తగ్గి, బలం అన్ని రెట్లు పెరిగి, బండి నడక వేగంలో పాకుతుంది. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ఈ తగ్గింపు 4 రెట్లు. 1980ల లియోన్ మాన్యువల్ వ్యాగన్లలో లో-రేంజ్ ఉండేది, ఆ తరువాత ఆస్ట్రేలియా వంటి దేశాల్లో కొన్ని నమూనాలకు స్వల్పమైన తగ్గింపుతో కొనసాగింది, క్రమంగా కనుమరుగైంది. నేటి వ్యాగన్లలో గొలుసుతోనో బెల్టుతోనో నిష్పత్తిని నిరంతరంగా మార్చే సీవీటీ గేరుపెట్టె నిటారు ఎక్కుడులో, లోతు ఇసుకలో ఎక్కువసేపు శ్రమిస్తే నూనె వేడెక్కి, యంత్రం తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించేస్తుంది. హెచ్చరిక దీపం వెలిగితే ఇంజిన్‌ను ఆపకుండా న్యూట్రల్‌లో ఉంచి చల్లారనివ్వాలి.

నాలుగు చక్రాలకు బలం అందడం బండిని కదిలించడానికి పనికివస్తుంది గాని, ఆపడానికి ఏమాత్రం తోడ్పడదన్న సంగతి మంచు ప్రాంతాల్లో ప్రతి శీతాకాలమూ కొత్తగా రుజువవుతూ ఉంటుంది. బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకూ ఉంటాయి; జారుడు నేల మీద సునాయాసంగా వేగం అందుకున్న బండి ఆగేటప్పుడు మాత్రం తక్కిన కార్లంత దూరమే జారుతుంది.

ఎత్తు, కోణాలు

బండి అడుగున అన్నిటికంటె కిందికి వేలాడే భాగానికీ నేలకూ మధ్య దూరాన్ని గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. అవుట్‌బ్యాక్‌కు అమెరికా లెక్కలో ఇది 8.7 అంగుళాలు, అంటే సుమారు 22 సెంటీమీటర్లు. జీపు జాతి వాహనాలు కొన్నిటికి ఇది తీసిపోదు. అయితే ఎత్తు ఒక్కటే చూసి భ్రమపడకూడదు. ముందు చక్రం నేలను తాకే చోటు నుంచి బంపరు అడుగుకు గీసిన గీత చేసే అప్రోచ్ కోణం, రెండు చక్రాల మధ్య నడుము దిబ్బకు తగలకుండా దాటగల బ్రేకోవర్ కోణం, వెనక బంపరును నిర్ణయించే డిపార్చర్ కోణం కూడా లెక్కలోకి రావాలి. 2020 నమూనాతో మొదలైన తరపు అవుట్‌బ్యాక్‌కు ఇవి వరుసగా 18.6, 19.4, 21.7 డిగ్రీలు. రాంగ్లర్ రూబికాన్ అప్రోచ్ కోణం 40 డిగ్రీలు దాటుతుందన్నది దృష్టిలో ఉంచుకుంటే, వ్యాగన్ ముక్కు ఎంత పొడుగో అర్థమవుతుంది. 2022 నమూనాలో వచ్చిన వైల్డర్‌నెస్ రకం ఎత్తును 9.5 అంగుళాలకు, అప్రోచ్ కోణాన్ని 20 డిగ్రీలకు పెంచింది, చివరి గేరు నిష్పత్తిని 4.44కు మార్చి పాకే బలాన్ని కొంత కలిపింది. ఎంత చేసినా పొడవైన ముక్కు, పొడవైన నడుము వ్యాగన్ ఆకారానికి పుట్టుకతో వచ్చినవి.

ఆకారం తెచ్చిన లాభమూ ఉంది. పడుకొన్న ఇంజిన్, తక్కువ ఎత్తున్న పైకప్పు వల్ల గరిమనాభి కిందికి ఉంటుంది. పక్కకు వాలిన దారిలో, కొండ మలుపుల్లో ఎత్తయిన వాహనాల కంటె వ్యాగన్ స్థిరంగా నిలబడుతుంది. పైకప్పు మీద గుడారం కట్టుకొనేవారు ఈ లాభాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు. ఆ తరపు అవుట్‌బ్యాక్ పైకప్పు కడ్డీలు ఆగి ఉన్నప్పుడు 700 పౌండ్లు మోయగలవు, పరుగులో ఉన్నప్పుడు మామూలు రకంలో 176 పౌండ్లే. నిద్రపోతున్న కుటుంబాన్ని మోసే కడ్డీలు గతుకుల్లో గుడారాన్ని మాత్రమే మోయగలవన్నమాట. సామాను బరువు సస్పెన్షన్‌ను కిందికి నొక్కినంత మేర గ్రౌండ్ క్లియరెన్స్ కాగితం మీద నుంచి జారిపోతుందని కూడా చాలామంది మరచిపోతారు.

టైర్లు

బండికి నేలతో ఉన్న బంధుత్వమంతా అరచేతులంత నాలుగు రబ్బరు ముక్కల మీద ఆధారపడి ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చే టైర్లు తారు రోడ్డు మీద చప్పుడు, ఇంధన వినియోగం తగ్గించడానికి ఉద్దేశించినవి. వాటి పక్కగోడలు పలుచన కావడంతో పదునైన రాళ్ళు సులువుగా చీలుస్తాయి. కాలిఫోర్నియా డెత్ వ్యాలీలో తమంత తామే కదిలినట్లు జాడలు వదిలే రాళ్ళను చూడటానికి రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సు దాకా పోయే సుమారు 27 మైళ్ళ కంకర దారి పంక్చర్లకు పేరుపడింది. గట్టి టైర్లు, పూర్తి పరిమాణపు స్టెప్నీ, పనిచేసే జాకీ లేనిదే వెళ్ళవద్దని పార్కు సిబ్బంది హెచ్చరిస్తారు. ఆల్ టెరైన్ టైర్లు కొంత మైలేజీ తగ్గించినా ఇలాంటి దారుల్లో ఆ నష్టం పూడుతుంది. కొండ శిఖరంలో మంచుపువ్వు గుర్తు ముద్రించిన టైర్లు మంచులో పట్టు పరీక్ష నెగ్గినవి.

గాలి తగ్గించడం టైరు విద్యలో కీలకం. తారు మీద 33 నుంచి 35 పీఎస్ఐ ఉండే గాలిని కంకర దారిలో 25కు, మెత్తని ఇసుకలో ఇంకా కిందికి దించితే టైరు నేల మీద పొడవుగా పరుచుకొని, బరువు ఎక్కువ మేర పంచుకొని, కూరుకుపోకుండా తేలుతుంది. అలలు అలలుగా ముడుతలు పడిన కంకర రోడ్డు మీద కుదుపునూ మింగుతుంది. తిరిగి తారెక్కే ముందు గాలి నింపకపోతే టైరు వేడెక్కి పగలవచ్చు కాబట్టి చిన్న కంప్రెసర్ వెంట ఉండాలి.

నాలుగు టైర్లూ ఒకే రకంగా, ఒకే అరుగుదలతో ఉండాలన్న నియమం ఆల్ వీల్ డ్రైవ్ కార్లకు ప్రత్యేకమైనది. ఒక టైరు చుట్టుకొలత తక్కువగా ఉంటే అది నిరంతరం వేగంగా తిరుగుతూ, మధ్య క్లచ్‌కు ఎప్పుడూ జారుతున్న భ్రమ కల్పించి, దాన్ని అరగదీస్తుంది; సుబారు చుట్టుకొలతలో పావు అంగుళానికి మించిన తేడాను అంగీకరించదు. ఒక్క టైరు చీలితే ఒక్కోసారి నాలుగూ మార్చవలసి రావడం ఈ వాహనాల గుప్త వ్యయం. పాత సుబారు ఆటోమేటిక్ కార్లలో చిన్న స్టెప్నీ బిగించినప్పుడు బానెట్ కింద ఒక ఫ్యూజు పెట్టి వెనక చాలనాన్ని ఆపివేసే ఏర్పాటు ఉండేది. చెడిపోయిన ఆల్ వీల్ డ్రైవ్ బండిని రెండు చక్రాలెత్తి లాక్కుపోకుండా, నాలుగూ నేలను వీడేలా లారీ మీద ఎక్కించి తీసుకుపోవాలనడానికీ కారణం చక్రాల మధ్య ఈ వేగపు తేడాయే.

నేల గుణం

ఒకే దారి ఉదయం స్కూటరు పోయేంత సుగమంగాను, సాయంత్రం వాన తరువాత ట్రాక్టరు కూడా పోలేనంత దుర్గమంగాను ఉండవచ్చు. ఉటా రాష్ట్రంలోని గ్రాండ్ స్టెయిర్‌కేస్ ఎస్కలాంటే ప్రాంతంలో కాటన్‌వుడ్ కాన్యన్ దారి పొడిగా ఉన్నప్పుడు వ్యాగన్‌కు ఆటస్థలం. వాన పడితే అందులోని బెంటొనైట్ బంకమన్ను ఉబ్బి, నీటిని పీల్చుకొని, సబ్బులా జారుతూ టైరు గాళ్ళన్నిటినీ నింపేస్తుంది. గాళ్ళు నిండిన టైరు గుండుతో సమానం, అప్పుడు రెండు చక్రాలు తిరిగినా నాలుగు తిరిగినా తేడా ఉండదు. ఈ బెంటొనైట్‌లో ప్రధానమైన ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడికి ఉబ్బే గుణాన్ని ఇచ్చేదీ ఈ ఖనిజ కుటుంబమే. తొలకరి వాన పడ్డ రేగడి చేనిలో చెప్పులకు మన్ను అంటుకొని అడుగు బరువెక్కడం ఎరిగిన తెలుగు రైతుకు ఉటా ఎడారిలోని ఆ హెచ్చరిక బోర్డును ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇసుక కలిసిన ఎర్రనేలలు నీటిని త్వరగా వదిలేస్తాయి గనుక వాన వెలిసిన కొద్ది గంటల్లో నడవనిస్తాయి. రేగడి ఆరడానికి రోజులు పడుతుంది. అటువంటి నేలల్లో తడి ఆరేదాకా ఆగడమే ఉపాయం, సాంకేతికంగా ఇంకొకటి లేదు.

వాగు దాటేటప్పుడు నీరు చక్రం నడిబొడ్డుకు మించకూడదన్నది సాధారణ నియమం. వ్యాగన్లలో ఇంజిన్ గాలి పీల్చుకొనే గొట్టం ముందు జాలీ దగ్గరే ఉంటుంది, అందులోకి నీరు పోతే ఇంజిన్ లోపల కడ్డీలు వంగిపోతాయి. లోతు, ప్రవాహం, అడుగున రాళ్ళు తెలియని వాగులోకి బండిని దించడం సాహసం అనిపించుకోదు. ఐస్‌లాండ్‌లో ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండదారులకు నాలుగు చక్రాల చాలనం ఉన్న వాహనాలనే అనుమతిస్తారు. ఆ దారుల్లో వంతెనలు లేని ఏరులు దాటుతూ నీట మునిగిన అద్దెకార్ల నష్టాన్ని అక్కడి బీమాలు సాధారణంగా భరించవు.

నడిపే తీరు, రక్షణ

అనుభవజ్ఞులు అనుమానం ఉన్న చోట బండి దిగి నడిచి చూస్తారు. దారి మధ్యలో రాయి ఉంటే దాన్ని చక్రాల మధ్య ఇరికించకుండా, టైరునే దాని మీదికి ఎక్కించాలి. టైరు కింద పడ్డ రాయి బండిని లేపుతుంది, మధ్యలో ఇరికిన రాయి ఇంజిన్ ఆయిల్ చాంబర్‌నో వెనక డిఫరెన్షియల్ హౌసింగ్‌నో బద్దలు కొడుతుంది. కంపెనీ అమర్చే అడుగు కవచాలు ఎక్కువగా ప్లాస్టిక్‌వి, గాలి ఒరవడి కోసం పెట్టినవే గాని రాతి దెబ్బకు ఆగేవి కావు. తరచుగా కంకర దారులు పట్టేవారు అల్యూమినియం పలకలు వేయించుకుంటారు. దిగుడులో బ్రేకును నమ్ముకోక, తక్కువ నిష్పత్తిలో ఇంజిన్ పట్టుతో దిగాలి.

కూరుకున్న బండిని లాగడంలో ప్రాణాపాయం ఉంది. బంపరులోని మూత తీసి బిగించుకొనే కొక్కెం తిన్నగా లాగడానికి ఉద్దేశించినది, పక్కకు గుంజితే విరగవచ్చు. ట్రైలర్ తగిలించే గుండు కొక్కేనికి తాడు కడితే అది తెగి తూటాలా ఎగిరి మనుషులను చంపిన ఉదంతాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. కుటుంబ ప్రయాణంలో ఒక పార, చక్రాల కింద పరిచే పట్టు పలకలు చాలా ఇబ్బందులను తీరుస్తాయి, తాడు చివరి మార్గం. వెనక సీట్లు మడిచి సామాను నింపినప్పుడు దాన్ని కట్టి ఉంచడం పిల్లలున్న బండిలో మరీ ముఖ్యం. గతుకులో ఎగిరే వంటపాత్ర చేసే గాయం చిన్నది కాదు.

చట్టం, ప్రకృతి

కచ్చా దారిలో నడపడానికీ, దారి వదిలి నడపడానికీ మధ్య భేదాన్ని చాలా దేశాల చట్టాలు పాటిస్తాయి. అమెరికాలో ప్రభుత్వ భూములలో దారి వదిలి తిరిగే వాహనాల వినియోగాన్ని నియంత్రిస్తూ అధ్యక్షుడు నిక్సన్ 1972లో ఉత్తర్వు జారీ చేశాడు. 1985లో అక్కడి అటవీ శాఖ మొదలుపెట్టిన ట్రెడ్ లైట్లీ ఉద్యమం తరువాత స్వతంత్ర సంస్థగా మారి, గుర్తించిన దారిలోనే ఉండాలన్న సూత్రాన్ని ప్రచారం చేస్తున్నది. ఉటా ఎడారిలో నేల పైపొరగా సూక్ష్మజీవులు, నాచు కలిసి ఏర్పడే నల్లని పెంకు ఒక్క టైరు జాడతో చితికితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఐస్‌లాండ్‌లో దారి వదిలి నడపడం శిక్షార్హమైన నేరం.

దారిలోనే వెళ్ళినా అన్ని దారులూ వ్యాగన్‌వి కావు. ఉటాలోని కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ పార్కులో సుమారు 100 మైళ్ళ వైట్ రిమ్ దారికి లో-రేంజ్ ఉన్న, నేల నుంచి ఎత్తయిన ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం తప్పనిసరి. ఆల్ వీల్ డ్రైవ్ కారు ఆ నిర్వచనంలోకి రాదు. ప్రకటనల్లో ఒకటిగా కలిసిపోయిన రెండు మాటలను ఒక పార్కు నిబంధన ఇంత స్పష్టంగా విడదీయడం గమనించదగినది. కొలరాడోలో టెలురైడ్, రిడ్జ్‌వే పట్టణాల మధ్యనున్న లాస్ట్ డాలర్ మట్టిదారి వంటివి పొడి రోజుల్లో వ్యాగన్‌కు సరిగ్గా సరిపోయేవి. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వారాంతపు ప్రయాణంగా అందుబాటులో ఉండేవీ ఇటువంటివే.

భారతదేశంలో

భారతీయ కొనుగోలుదారు స్టేషన్ వ్యాగన్‌ను ఎన్నడూ మనసారా ఆదరించలేదు. 1992 నాటి టాటా ఎస్టేట్ నుంచి మారుతి బలేనో ఆల్ట్యురా, టాటా ఇండిగో మరీనా దాకా వచ్చినవన్నీ రెండు చక్రాలతో నడిచేవే, వచ్చిన కొన్నేళ్ళకే వెళ్ళిపోయినవే. సుబారు పేరుతో కార్లు రాకపోయినా, దాని ఫారెస్టర్‌ను ఈ శతాబ్దపు తొలి దశకంలో జనరల్ మోటార్స్ షెవర్లే గుర్తుతో ఇక్కడ అమ్మింది. వ్యాగన్‌కూ జీపుకూ నడుమ ఉండే ఆ ఆకారాన్ని, దాని ధరను అప్పటి విపణి జీర్ణించుకోలేదు. వోల్వో వి90 క్రాస్ కంట్రీ 2017లో, మెర్సిడెస్ ఈ క్లాస్ ఆల్ టెరైన్ 2018లో వచ్చినా అవి అతి సంపన్నులవి.

వ్యాగన్ చేసే పనిని ఇక్కడ చేస్తున్నవి మధ్యతరహా ఎస్‌యూవీలు. 2014లో వచ్చిన రెనో డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్, దాని తరువాత 2022లో వచ్చిన మారుతి సుజుకి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్, టయోటా హైరైడర్ 210 మిల్లీమీటర్ల ఎత్తు, క్లచ్‌తో కలిసే వెనక చక్రాలు, లో-రేంజ్ లేకపోవడం అనే మూడు లక్షణాల్లోనూ అవుట్‌బ్యాక్‌కు దగ్గరి చుట్టాలు. డస్టర్‌లో మొదటి గేరును బాగా పొట్టిగా పెట్టి లో-రేంజ్ లోటును కొంత పూడ్చారు. లంబసింగి, మారేడుమిల్లి పరిసరాల కొండదారులకు ఇవి చాలు. అభయారణ్యాల్లోకి మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వెళ్ళకూడదు. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ వంటి తీరాల్లో శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మీద బండ్లు నడపడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. బండిని పైకెత్తే మార్పులు చేయించేవారు, తయారీదారు నిర్దేశించిన మౌలిక లక్షణాలను మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పును దృష్టిలో ఉంచుకోవాలి.

వ్యాగన్‌కు పేరు తెచ్చిన అమెరికాలోనూ ఆ ఆకారం వెనకబడుతున్నది. 2025 ఏప్రిల్‌లో న్యూయార్క్ మోటార్ ప్రదర్శనలో వెల్లడైన ఏడో తరం అవుట్‌బ్యాక్ నిటారు ముఖంతో, ఎత్తయిన పైకప్పుతో పూర్తిగా ఎస్‌యూవీ రూపం దాల్చింది, అది పుట్టిన లెగసీ శ్రేణిలోని సెడాన్ తయారీ అమెరికాలో అదే సంవత్సరం ముగిసింది. కొత్త అవుట్‌బ్యాక్‌కు నేల నుంచి ఎత్తు పాత 8.7 అంగుళాలే.